మనిషికి మాట ఎలా వచ్చిందో చెప్పే హిమాయత్‌నగర్ ఆదివారం క్లాసులు: వెళ్లొచ్చా?

ముందే చెప్పేస్తా, వెళ్లొచ్చు. కానీ మొదటి వారం విని "ఇంతేనా" అనుకుని మానేయకండి, అసలు సరుకంతా రెండో వారం, మూడో వారంలో ఉంది. నాలుగోది సగం బాగుంది, సగం హడావుడి. ఫీజు 1,800 రూపాయలు, నాలుగు ఆదివారాలు, పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా, హైదరాబాద్ హిమాయత్‌నగర్‌లో ఒక సందులో మూడో అంతస్తు, లిఫ్టు లేదు. నిర్వాహకుల పేరు రాయను. చిన్న బృందం, ఇప్పుడిప్పుడే మొదలుపెట్టారు, కింద నేను తిట్టినవి కాసిని ఉన్నాయి. అయినా ఈ ఊళ్లో ఇలాంటి విషయం తెలుగులో చెప్పేవాళ్లు ఎంతమంది ఉంటారు, వెతికితే దొరికిపోతారు.

ఇబ్బంది పోస్టరు దగ్గరే మొదలైంది. "మనిషిని మనిషిగా మార్చిన మాట జీన్ రహస్యం" అని పెద్ద పెద్ద అక్షరాలు, పక్కన మెలికలు తిరిగిన డీఎన్‌ఏ బొమ్మ, కింద నోరు తెరుచుకున్న ఆదిమానవుడు. ఎవరో యూట్యూబ్ థంబ్‌నెయిల్ చేసే అబ్బాయికి ఇచ్చి చేయించినట్టున్నారు. మొదటి క్లాసు కూడా సరిగ్గా ఆ పోస్టరుకు తగ్గట్టే సాగింది.

ఆ రోజు చెప్పిన కుర్రాడికి జెనెటిక్స్ వచ్చు, గొంతు బాగుంది, ఎక్కడా తడబడలేదు. చిక్కల్లా కథను మరీ నున్నగా చెప్పేశాడు. లండన్‌లో ఒక కుటుంబం ఉంది, బయటి ప్రపంచానికి కేఈ అనే పొడి అక్షరాలతోనే తెలుసు, మూడు తరాల్లో దాదాపు సగం మందికి మాట సరిగ్గా రాదు, నోరూ పెదాలూ అనుకున్నట్టు తిరగవు, వ్యాకరణం దగ్గర కూడా తికమకే. 2001లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు దీనికి కారణం ఏడో క్రోమోజోమ్ మీద ఉన్న ఫాక్స్‌పీ2 అనే జీన్‌లో ఒక్క అక్షరం మారడమే అని పట్టుకున్నారు. ఆ మరుసటి ఏడాది ఇంకో బృందం లెక్క చూస్తే, ఈ జీన్ తయారుచేసే ప్రోటీన్‌లో 715 అమైనో ఆమ్లాలుంటే, చింపాంజీకీ మనకూ తేడా కేవలం రెండు. ఆ రెండే మనకు మాటనిచ్చాయి, చప్పట్లు, టీ బ్రేక్.

కుటుంబం నిజం, జీన్ నిజం, రెండు తేడాలూ నిజమే. అక్కడితో ఆపేయడమే తప్పు. మధ్యలో ఒకమ్మాయి, ఎమ్మెస్సీ చదువుతున్నట్టుంది, "సర్, నియాండర్తల్స్‌లో కూడా ఇదే రకం ఉందంటారు కదా" అని అడిగింది. "అది తరవాత చూద్దాం మేడమ్" అన్నాడు. ఆ తరవాత రానేలేదు. నియాండర్తల్స్ అంటే మనకు దగ్గరి చుట్టాలైన, ఎప్పుడో అంతరించిపోయిన మనుషులు, కాబట్టి ఆమె అడిగింది చాలా పెద్ద ప్రశ్న. 2007లో స్పెయిన్‌లోని ఎల్ సిద్రోన్ గుహ ఎముకల నుంచి డీఎన్‌ఏ తీసి చూస్తే నియాండర్తల్స్‌లోనూ సరిగ్గా ఆ రెండు మార్పులే ఉన్నాయి. అంటే అది మన ఒక్కళ్ల సొత్తు కాదు, మనమూ వాళ్లూ వేరుపడక ముందు నుంచే ఉండి ఉండాలి. అంతకన్నా పెద్ద దెబ్బ 2018లో తగిలింది. ఈ జీన్ ఇటీవలి కాలంలోనే మనుషులందరిలో గబగబా వ్యాపించిందనే పాత వాదన, ఆఫ్రికా వాళ్లతో సహా ఇంకా ఎక్కువ మంది డీఎన్‌ఏ కలిపి చూసేసరికి నిలబడలేదు. పైగా ఫాక్స్‌పీ2 అనేది వేరే జీన్లను ఎప్పుడు నడపాలి, ఎప్పుడు ఆపాలి అని చూసుకునే జీన్, ఊపిరితిత్తుల్లో కూడా పనిచేస్తుంది. ఎలుకకు ఉంది, పిట్టకు ఉంది. జీబ్రా ఫించ్ అనే చిన్న పిట్ట పిల్లల మెదడులో దీని పని తగ్గించి చూస్తే అవి పెద్దపిట్ట దగ్గర పాట నేర్చుకోవడంలో ముక్కలు వదిలేశాయి, ఉన్న ముక్కలు కూడా సరిగ్గా అనలేకపోయాయి. నన్నడిగితే అసలు ఆసక్తికరమైన సంగతి ఇది. "మాట జీన్" అని పేరు పెట్టేసరికి ఇదంతా కనపడకుండా పోయింది.

జన్యువుల మీద పరిశోధన చేసే సీసీఎంబీ ఉన్న ఊరు ఇది, హబ్సిగూడ ఎంత దూరమని? అక్కడ రిటైరైన వాళ్లెవరినైనా పిలిచి గంట మాట్లాడించినా పోస్టరు వాళ్లే చింపేసేవాళ్లు.

ఇక రెండో వారం. ఆ రోజు చెప్పింది భాషాశాస్త్రం బోధించి రిటైరైన ఒక మాస్టారు, అరవై దాటాయి, స్లైడ్లు వాడరు, బ్లూటూత్ స్పీకరు ఒకటి తెచ్చుకున్నారు. కూర్చోగానే అందరినీ గొంతు మీద వేళ్లు పెట్టుకుని మింగమన్నారు. గొంతుకాయ పైకి జారి కిందికి దిగడం వేలికి తెలుస్తుంది. తరవాత ఆ, ఈ, ఊ అనమన్నారు, మెల్లగా, ఒకదాన్నుంచి ఇంకోదానికి సాగదీస్తూ. నాలుక ఎక్కడికి పోతోందో గమనించమన్నారు. ఆ అన్నప్పుడు కిందికి దిగి వెనక్కి వెళ్తుంది, ఈ అన్నప్పుడు ముందుకొచ్చి పళ్ల వెనక పైకి లేస్తుంది, ఊ అంటే వెనకాల పైకి పోతుంది, పెదాలు గుండ్రంగా అవుతాయి. ముప్ఫై మంది పెద్దవాళ్లు మూడో అంతస్తులో కూర్చుని ఆఁ ఈఁ ఊఁ అంటుంటే కింద జిరాక్స్ షాపు అబ్బాయి పైకి వచ్చి తొంగి చూసి పోయాడు. గంటసేపు స్లైడ్లు చూపించినా ఎక్కని విషయం అలా ఎక్కింది. మన స్వరపేటిక, ఆ గొంతుకాయే, మిగతా కోతిజాతులతో పోలిస్తే కిందికి దిగి ఉంటుంది, దాంతో నాలుక వెనక గొంతులో ఖాళీ ఎక్కువ, ఈ మూడు అచ్చుల మధ్య ఇంత తేడా చూపించగలగడానికి అది పనికొస్తుంది.

ఇక్కడ ఆయన కూడా ఆగిపోతారేమో అనుకున్నా, ఆగలేదు. 1969లో లీబర్మన్ అనే ఆయన కోతి గొంతు నిర్మాణం చూసి దీంతో మన అచ్చులు పలకడం సాధ్యం కాదన్నాడు, చాలాకాలం అదే పాఠం. తరవాత మగ ఎర్రజింకలు గర్జించేటప్పుడు స్వరపేటికను మనకన్నా కిందికి లాక్కుంటాయని 2001లో తేలింది, అవేం మాట్లాడటం లేదు, పెద్దగా కనపడాలని చేసే ఆర్భాటం. 2016లో ఫిచ్ అనే శాస్త్రవేత్త బృందం బతికున్న కోతి తింటున్నప్పుడు, అరుస్తున్నప్పుడు ఎక్స్‌రే వీడియో తీసి, దాని గొంతు ఎన్ని ఆకారాలు తీసుకోగలదో కొలిచి, ఆ కొలతలతో కంప్యూటర్‌లో ఒక ఇంగ్లిష్ వాక్యం పలికించారు: "నన్ను పెళ్లి చేసుకుంటావా?" అని. మాస్టారు ఆ శబ్దం వినిపించారు. బొంగురుగా, గుసగుసలా ఉంది కానీ అర్థమవుతుంది. హాలు ఘొల్లుమంది, వెనక వరసలో ఒకాయన "పెళ్లిచూపులకు పంపండి సార్" అన్నాడు. నవ్వులు ఆగాక మాస్టారు మెల్లగా చెప్పారు, గొంతు దాదాపు సిద్ధంగానే ఉంది, ఆ గొంతును అనుకున్నట్టు ఆడించే మెదడే కోతికి లేదు, మెదడు పై పొర నుంచి స్వరపేటిక నరాలకు నేరుగా దిగే దారి మనకు బాగా ఉంటుంది, కోతుల్లో దాదాపు లేదు అని.

నేర్చుకుని కూయడం ఎవరికి వచ్చు అనే భాగం ఇంకా బాగుంది. పాటపిట్టలు, చిలకలు, హమ్మింగ్ పిట్టలు, తిమింగలాలు, డాల్ఫిన్లు, సీల్సు, గబ్బిలాలు, ఏనుగులు నేర్చుకుంటాయి. మనకు దగ్గరి చుట్టమైన చింపాంజీకి ఆ విద్య దాదాపు లేదు. కోకిల సంగతి తీసుకోండి. గుడ్డు కాకి గూట్లో, పెంపకం కాకిది, చుట్టూ వినపడేదంతా కావ్ కావ్, అయినా పెద్దయ్యాక కోకిలలానే కూస్తుంది. మనింట్లో పుట్టిన బిడ్డ గుజరాత్‌లో పెరిగితే గుజరాతీ మాట్లాడుతుంది. ఈ తేడాను ఇంత సులువుగా చెప్పినవాళ్లను నేను వేరే చూడలేదు. డార్విన్ కూడా 1871లో పిట్టల పాటనే మన మాటకు దగ్గరి పోలికగా చూపించాడట.

కెన్యాలోని వెర్వెట్ కోతుల గురించి కూడా చెప్పారు, 1980లో అచ్చయిన ప్రయోగం. చిరుతకు ఒక అరుపు, గద్దకు ఒకటి, పాముకు ఒకటి. పొదలో స్పీకరు దాచి రికార్డు వినిపిస్తే చిరుత అరుపుకి చెట్టెక్కాయి, గద్ద అరుపుకి పైకి చూశాయి, పాము అరుపుకి వెనక కాళ్ల మీద లేచి నిలబడి గడ్డిలో వెతికాయి. ఇది విని, మా కాలనీలో కోతులను తోలడానికి కట్టిన కొండముచ్చు ఫ్లెక్సీ గుర్తొచ్చింది. దాన్ని కోతులు ఇప్పుడు జారుడుబండలా వాడుతున్నాయి, అది వేరే కథ.

మాస్టారు క్లాసులో నాకు దక్కిన అసలు విషయం ఏమిటంటే, పాత ఇళ్లు కూల్చినచోట దూలాలు, తలుపులు, కిటికీలు కొనుక్కొచ్చి కొత్త ఇల్లు కట్టుకుంటారే, భాష అలా కుదిరిన వ్యవహారం. మింగడానికి ఉన్న గొంతు, పిట్టల్లో వేరుగా పుట్టిన అనుకరణ, కోతుల్లో ఉన్న హెచ్చరిక, ఒక్కోటి ఒక్కో వయసుది, ఒక్కో అవసరానికి వచ్చింది. ఏ ఒక్కదాన్నీ చూపించి "ఇదిగో భాష ఇక్కడ పుట్టింది" అనడానికి లేదు. మొదటి వారం పోస్టరు చెప్పింది దీనికి సరిగ్గా ఉల్టా, ఒకే కోర్సులో ఈ రెండూ పక్కపక్కనే ఎలా పెట్టారో వాళ్లకే తెలియాలి.

ప్రశ్నల సమయంలో అనుకున్నదే అయింది. తెల్లజుబ్బా పెద్దాయన లేచి "ఇంతకీ తెలుగు ముందా, తమిళం ముందా, అది తేల్చండి" అన్నారు. మాస్టారు చిరాకు పడలేదు. "అయ్యా, మీరడిగింది భాషల వయసు. మనం మాట్లాడుకుంటున్నది భాష నేర్చుకునే శక్తి వయసు. ద్రావిడ కుటుంబం మొత్తానికి 2018లో కొందరు కట్టిన లెక్క సుమారు 4,500 ఏళ్లు. మనలాంటి మనుషుల ఎముకలు మొరాకోలో మూడు లక్షల ఏళ్లనాటివి దొరికాయి. మాటకు మాట పోల్చుకుంటూ వెనక్కి వెళ్లే పద్ధతి, మన భద్రిరాజు కృష్ణమూర్తి గారు మూలద్రావిడం మీద చేసిన పని అదే, మహా అయితే పదివేల ఏళ్ల దాకా లాగుతుంది, ఆ వెనక అంతా చీకటే" అన్నారు. పెద్దాయన అంతా విని, తల ఊపి, "అయినా తెలుగే ముందండీ" అని కూర్చున్నారు.

మూడో వారం కోసమే నేను ఈ రివ్యూ రాస్తున్నా. ఆ రోజు చెప్పింది పుట్టుకతో వినికిడి లేని ఒక మేడమ్, పిల్లలకు భారతీయ సైగల భాష నేర్పుతారట, పక్కన ఆమె చేతులను చూసి మాటల్లో చెప్పే ఇంకొకావిడ. మొదట పది నిమిషాలు మాటలు వినిపించకుండా ఒక కథ చెప్పారు. బస్సు, కండక్టరు, చిల్లర, ఒక ముసలమ్మ. మాకెవరికీ సైగలు రావు. కానీ ఆమె ఎడమ పక్క గాల్లో కండక్టరును ఒకసారి నిలబెట్టారు, కుడి పక్క ముసలమ్మను కూర్చోబెట్టారు, ఇక ఆ తరవాత పేర్లు మళ్లీ చెప్పే పనే లేదు. భుజం ఇటు తిరిగితే కండక్టరు మాట్లాడుతున్నట్టు, అటు తిరిగితే ముసలమ్మ. చిల్లర ఎవరు ఎవరికి ఇచ్చారనేది చెయ్యి ఏ చోటు నుంచి ఏ చోటికి కదిలిందో దాన్నిబట్టే తెలుస్తోంది, అంటే మనకు విభక్తులు చేసే పని అక్కడ చోటు చేస్తోంది. ఎవరు, ఎక్కడ, ఎందుకు లాంటి ప్రశ్న సైగ వాక్యం చివర్లో వస్తుందట, కనుబొమ్మలు దాంతోపాటే కదలాలి, కదలకపోతే అది ప్రశ్నలా ఉండదట. మా ముందు వరస కుర్రాడు "నీ ఊరు ఎక్కడ" అని ప్రయత్నించాడు, చేతులు సరిగ్గానే తిప్పాడు, మొహం మాత్రం బ్యాంకు క్యూలో నిలబడ్డట్టు పెట్టాడు. ఆమె వెళ్లి రెండు వేళ్లతో అతని కనుబొమ్మలు సర్ది మళ్లీ చేయించారు.

దీనికీ భాష పుట్టుకకూ ఏం సంబంధం అంటారా? నికరాగువా సంగతి చెప్పారు. అక్కడ 1970ల చివర్లో మనాగువా నగరంలో వినికిడి లేని పిల్లలకు బళ్లు పెట్టారు. అంతకుముందు ఒక్కో పిల్ల ఇంట్లో ఒక్కో రకం చేతి సైగలు, ఒకళ్లవి ఒకళ్లకు తెలియవు. బళ్లో టీచర్లు పెదాలు చూసి స్పానిష్ నేర్చుకోమంటే పిల్లలకు ఎక్కలేదు. కానీ ఆటస్థలంలో, బస్సుల్లో వాళ్లలో వాళ్లు సైగలు కలుపుకుంటూ పోయారు. మొదట వచ్చిన పిల్లలకన్నా వాళ్ల దగ్గర చిన్నప్పుడే నేర్చుకున్న పిల్లలు ఇంకా చిక్కటి వ్యాకరణం తయారుచేశారు. 2004లో అచ్చయిన పరిశోధనలో అందరికీ ఒక కార్టూన్ చూపించారు, పిల్లి దొర్లుకుంటూ వీధి వాలు మీద కిందికి పోతుంది. స్పానిష్ మాట్లాడేవాళ్లు చేత్తో చూపించమంటే దొర్లడమూ దిగడమూ ఒకే ఊపులో చూపించేస్తారు. మొదటి తరం పిల్లలు కూడా ఎక్కువగా అంతే. తరవాతి తరం దాన్ని విడగొట్టింది, దొర్లడం ఒక సైగ, దిగడం ఇంకో సైగ, ఒకదాని వెనక ఒకటి. విడగొట్టినవాటిని మళ్లీ ఎలా కావాలంటే అలా కలుపుకోవచ్చు. ఏ పెద్దవాళ్లూ నేర్పలేదు, పిల్లలే చేశారు, అదీ మన కాలంలో, చూసినవాళ్లు ఉండగా. లక్షల ఏళ్ల కిందటి సంగతి మనకెలాగూ కనపడదు, ఇది కనపడింది.

దీని పక్కనే నిమ్ అనే చింపాంజీని పెట్టారు. 1970ల్లో న్యూయార్క్‌లో మనుషుల మధ్య పెంచి సైగలు నేర్పారు. దాని అతి పొడుగు వాక్యంలో 16 సైగలు: ఇవ్వు నారింజ నాకు ఇవ్వు తిను నారింజ నాకు తిను నారింజ ఇవ్వు నాకు తిను నారింజ ఇవ్వు నాకు నువ్వు. ఆ మేడమ్ దీన్ని చేతులతో చేసి చూపిస్తుంటే జాలి, నవ్వు రెండూ వచ్చాయి. ఆ ప్రయోగం నడిపిన పరిశోధకుడు టెర్రస్ స్వయంగా 1979లో, ఇందులో వ్యాకరణం లేదు అని రాశాడు. అయితే ఆమె అక్కడ ఒక మాట అన్నారు, నిమ్ ఎప్పుడూ అడగడానికే చెయ్యి ఎత్తింది, మూడేళ్ల పిల్ల ఊరికే చూపించడానికి ఎత్తుతుంది, "అదిగో ఏరోప్లేన్" అని, దానివల్ల ఆ పిల్లకు వచ్చేదేం లేదు అని. టొమాసెల్లో అనే ఆయన వాదన కూడా దాదాపు ఇదే, భాషకు ముందు పుట్టాల్సింది ఇద్దరం కలిసి ఒకే దాన్ని చూద్దామనే కోరిక అంటాడు.

చంటిపిల్లల ముక్క కూడా ఆ రోజే వచ్చింది. 1984లో కెనడాలో ఇంగ్లిష్ ఇళ్లల్లో పుట్టిన ఆరెనిమిది నెలల పిల్లలకు హిందీలోని ట, త వినిపిస్తే తేడా పట్టేశారు, ఏడాది నిండేసరికి ఆ శక్తి పోయింది. హిందీ ఇళ్ల పిల్లలకు పోలేదు. అమెరికా నుంచి వచ్చిన మా పెదనాన్న మనవడికి "తాత"ని "టాటా" అనొద్దని ఇక ఎవరూ చెప్పకండి.

నాలుగో వారం గురించి పెద్దగా రాయడానికి లేదు. భాషాశాస్త్రవేత్త చామ్‌స్కీని ఒక పక్క, మనస్తత్వశాస్త్రవేత్తలు పింకర్, బ్లూమ్‌లను ఇంకో పక్క పెట్టి డిబేట్ నడిపారు. వాక్యంలో వాక్యాన్ని ఇరికించగలిగే శక్తే మనిషి ప్రత్యేకత అని 2002లో చామ్‌స్కీ, హౌసర్, ఫిచ్ రాశారు, కంటిలాగే భాష కూడా ప్రకృతి వరణంతో మెల్లమెల్లగా కుదిరిందని పింకర్, బ్లూమ్ 1990లోనే అన్నారు. టీవీ చర్చలాగా అరుచుకున్నారు తప్ప ఎవరి మాటకు ఏ ఆధారం ఉందో తేల్చలేదు. 1866లో ప్యారిస్ భాషాశాస్త్ర సంఘం అసలు ఈ విషయం మీద వ్యాసాలే తీసుకోం అని నియమం పెట్టుకుందని మాస్టారు మధ్యలో అన్నారు, ఆ గోల చూస్తే వాళ్లను తప్పు పట్టలేం.

జ్వాలాపురానికి మాత్రం పది నిమిషాలే ఇచ్చారు, ఇది అన్యాయం. కర్నూలు ప్రాంతంలో, 74,000 ఏళ్ల కిందట సుమత్రాలోని టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు వచ్చిపడ్డ బూడిద పొర అక్కడ ఉంది. దాని కిందా రాతి పనిముట్లు, పైనా రాతి పనిముట్లు, రెండూ దాదాపు ఒకే తీరు. చేసినవాళ్ల ఎముకలు దొరకలేదు, వాళ్లు మనలాంటి మనుషులేనా అనే దాని మీద ఇంకా వాదన నడుస్తోంది. ఇంత దగ్గర్లో ఇంత సరుకు పెట్టుకుని, రాయి చెక్కడం నోటితో చెప్పకుండా ఎంతవరకు నేర్పగలం అనే ప్రశ్న అక్కడ లేపాల్సింది. 2015లో బ్రిటన్‌లో ఇదే పరీక్ష చేశారు, చూసి నేర్చుకున్నవాళ్లకన్నా మాటలతో చెప్పించుకున్నవాళ్లు రాయి బాగా చెక్కారు. రెండు కంకర రాళ్లు తెచ్చి మా చేత చేయించి ఉంటే డిబేట్ కన్నా నయం.

మిగతావి గబగబా. ఏసీ ఒకటి పనిచేయదు, ఫ్యాన్ కింద కుర్చీ పట్టుకోండి. మొదటి వారం, నాలుగో వారం స్లైడ్లన్నీ ఇంగ్లిష్‌లో, తెలుగు క్లాసని డబ్బులు తీసుకుని ఇదేంటో. పీడీఎఫ్ నోట్స్ ఇస్తామన్నారు, వాట్సాప్ గ్రూపులో ఇప్పటికీ గుడ్‌మార్నింగ్ మెసేజ్‌లే వస్తున్నాయి. సర్టిఫికెట్‌లో నా ఇంటిపేరు తప్పు పడింది, అడిగితే మళ్లీ ప్రింటుకు వంద అన్నారు. టీ మాత్రం బ్రహ్మాండం, కింద బండి వాడి అల్లం టీ, ఎన్నిసార్లు తాగినా లెక్కలేదు. పార్కింగ్ ఆశ పెట్టుకోకండి, నారాయణగూడ మెట్రోలో దిగి ఆటో ఎక్కండి.

నా మార్కులు: మొదటి వారం 5కి 2, రెండో వారం 4, మూడో వారం 5, నాలుగోది రెండున్నర. పిల్లల్ని తీసుకెళ్లొచ్చా అని అడిగేవాళ్లకు, ఎనిమిదో తరగతి దాటితే మూడో వారం తప్పకుండా తీసుకెళ్లండి, ఒక్క రోజుకి 500 కట్టించుకుని కూర్చోనిస్తున్నారు.

కొత్త బ్యాచ్ సంక్రాంతి తరవాత అంటున్నారు. ఫోన్ చేసినప్పుడు సైగల భాష మేడమ్ ఈసారి కూడా వస్తున్నారా అని అడగండి. వస్తున్నారంటే కట్టేయండి. రావడం లేదంటే ఫీజు తగ్గించమనండి, తగ్గిస్తారు, మా బ్యాచ్‌లో ఒకాయన నిలబడి బేరమాడి 300 తగ్గించుకున్నాడు.